ఎరుక లేని ఎంపిక

మా జేజి విత్తనానికి కొర్ర కంకులు ఏరుతుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. కళ్లంలో నూర్పిడి మొదలుకాక ముందే ఆ పని అయిపోవాలి. కుప్పలోంచి ఒక్కో కంకి లాగేది, మొదలు నుంచి కొసదాకా రెండు వేళ్లతో దువ్వేది, నచ్చితే ఒళ్లో పరుచుకున్న పాత చీర ముక్కలో పెట్టుకునేది, లేకపోతే మళ్లీ కుప్పలోకే విసిరేసేది. ఒక్కోదానికి రెండు క్షణాలు కూడా పట్టేది కాదు. "దేన్ని బట్టి తీస్తాండావ్ జేజీ?" అని ఒకసారి అడిగాను. "నిండుగ ఉండేది తీస్తాండా. ఇంగేముంది దాంట్లో" అంది.

దాంట్లో ఇంకా చాలా ఉందని డిగ్రీలో బాటనీ చదివేదాకా నాకు తెలియలేదు. కొర్రకు ఒక అడవి చుట్టం ఉంది. కుచ్చులాంటి కంకి వేసే గడ్డి అది. దాని గింజ పండగానే రాలిపోతుంది. రాలకపోతే ఆ గడ్డికి మరుసటేడు బతుకు లేదు. వేల ఏళ్ల కిందట చైనాలో ఆ గింజలు ఏరుకుని తిన్న మనుషుల చేతికి, రాలడం మరిచిపోయిన కంకులే ఎక్కువగా చిక్కేవి. రాలినవి నేలపాలు, మిగిలినవి ఇంటిపాలు. ఇంటికొచ్చిన వాటిలోంచే మరుసటేటికి విత్తనం. అట్లా ఎన్నో తరాలు గడిచాక, మనిషి చెయ్యి పడకపోతే తన గింజను తాను నేలమీద వేసుకోలేని పంట ఒకటి తయారైంది. మా జేజి ఒళ్లో ఉన్నది అదే. ఆమె వేళ్లతో దువ్వినప్పుడు రాలిన గింజలు కళ్లంలోనే పోయేవి, రాలనివి విత్తనాల కుండలోకి చేరేవి. నిండుదనాన్ని ఏరుతున్నాననుకుంది. రాలని గుణాన్ని కూడా ఏరుతోంది.

రాలడం మరిచిపోవడమనేది జన్యువులో దొర్లిన ఒక తప్పు. దాన్ని స్కూల్లో ఉత్పరివర్తనం అని రాయించారు. ఆ మాట సరిగ్గా రాయలేక సగం మంది మార్కులు పోగొట్టుకున్నాం. మ్యుటేషన్ అంటే మాత్రం మా ఊళ్లో అందరికీ తెలుసు, కాకపోతే అది ఎమ్మార్వో ఆఫీసులో పాసుబుక్కు మీద పేరు మారడం. రెండూ ఒకటే అనుకున్నా పెద్ద నష్టం లేదు. కాపీ రాసేటప్పుడు ఒక అక్షరం మారుతుంది, ఎందుకు మారిందో ఎవరూ చెప్పరు, ఫలితం వారసులు అనుభవిస్తారు. చాలా మార్పులు ఏ పనికీ రావు, కొన్ని చంపేస్తాయి, ఎప్పుడో ఒకటి కలిసొస్తుంది. ఆడామగా కలిసినప్పుడు ఈ మార్పులన్నీ పేకముక్కల్లా కలిసి, ప్రతి గింజకూ కొత్త పంపకం పడుతుంది. ఆ పంపకంలోంచి ఎవరో ఏరాలి. ఎండ ఏరుతుంది, కరువు ఏరుతుంది, పురుగు ఏరుతుంది, మా జేజి ఏరుతుంది.

డార్విన్ 1859లో వేసిన పుస్తకం గురించి మాట్లాడేవాళ్లందరూ దీవులూ పిట్టలూ అంటారు గానీ, దాని మొదటి అధ్యాయం పెంపుడు జీవుల గురించి. పావురాలు, గొర్రెలు, కుక్కలు, పూలమొక్కలు. అందులో ఆయన మనిషి చేసే ఎంపికను రెండుగా విడదీస్తాడు. ఒకటి, ఇట్లాంటి జాతి కావాలని గురిపెట్టి చేసేది. రెండోది, గురి ఏమీ లేకుండా, ఉన్నవాటిలో మంచివి ఉంచుకుని మిగతావి వదిలేయడం వల్ల తనంతట జరిగిపోయేది. ఈ రెండోదాన్ని తెలుగులో ఎరుక లేని ఎంపిక అనవచ్చు. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ గొర్రెలది, మనకు వెంటనే ఎక్కుతుంది. ఇంగ్లండులో బక్లీ, బర్జెస్ అనే ఇద్దరు ఒకే మంద నుంచి వచ్చిన లెస్టర్ గొర్రెల్ని 50 ఏళ్లకు పైగా వేరువేరుగా పెంచారు. బయటి రక్తం ఇద్దరూ కలపనీయలేదు. చివరికి చూస్తే ఆ రెండు మందలూ రెండు వేరే జాతుల్లా కనిపించాయి. మార్చాలని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

కొర్ర దగ్గర, గొర్రె దగ్గర ఈ సంగతి ముచ్చటగానే ఉంటుంది. పత్తి దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతులో పడుతుంది. మనకు తెలియకుండా మనం ఏరిన వాటికి జవాబు చెప్పాల్సింది ఎవరు అన్న ప్రశ్న నాకు పుస్తకంలోంచి రాలేదు, మా చేనిలోంచి వచ్చింది.

నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి కొత్త పంట కాదు. అటు ఆదోని, ఇటు ప్రొద్దుటూరు పత్తి వ్యాపారంతో పెరిగిన ఊళ్లే. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వందేళ్లు దాటాయి. 1990లలో అక్కడి నుంచి వచ్చిన నరసింహ పత్తి సూటి రకం. అంటే ఈ ఏడు పండిన గింజను దాచుకుని వచ్చే ఏడు వేసుకోవచ్చు. కానీ అప్పటికే రైతు మనసు హైబ్రిడ్ల మీదికి పోయింది. హైబ్రిడ్ పత్తికి పుట్టిల్లు మన దేశమే. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ తెచ్చిన హెచ్-4, ప్రపంచంలో వాణిజ్యపరంగా సాగైన మొదటి పత్తి హైబ్రిడ్.

పత్తి పువ్వు ఆడా మగా రెండూ తానే. నడుమ కీలాగ్రం, దాని చుట్టూ గొట్టంలాగా పుప్పొడి తిత్తులు. మన జోక్యం లేకపోతే ఎక్కువగా తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది. దానికి మరో రకం పత్తితో పెళ్లి చేయాలంటే ముందు దానిలోని మగతనం తీసేయాలి. రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో చుట్టూ గిల్లి, రేకుల్నీ పుప్పొడి గొట్టాన్నీ కలిపి ఒక్కసారిగా లాగేయాలి. లోపలి కీలం తెగకూడదు, గీత కూడా పడకూడదు. మర్నాడు పొద్దున మగ వరసల్లోంచి పూలు కోసుకొచ్చి, ఒక్కో పువ్వును ఆ కీలాగ్రానికి రుద్ది, గుర్తుకు దారం కట్టాలి. పువ్వు బతికేది ఒక్క రోజు. పొద్దున పాలరంగులో విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు తిరిగి వాడిపోతుంది. అందుకని ఆదివారం లేదు, పండగ లేదు, జ్వరం లేదు. రెండు మూడు నెలలు రోజూ సాయంత్రం గిల్లుడు, పొద్దున రుద్దుడు. మా వైపు దీన్ని క్రాసింగ్ పని అంటారు. అట్లా పెట్టిన చేను సీడు ప్లాటు.

ఇంత కష్టం దేనికంటే, వేరువేరు రకాలను కలిపితే వచ్చే మొదటి తరానికి ఒక దూకుడు ఉంటుంది. సొంత పుప్పొడితో పుట్టిన మొక్కల కంటే పరపుప్పొడితో పుట్టినవి బలంగా పెరుగుతాయని డార్విన్ ఏళ్ల తరబడి కుండీల్లో పెంచి చూసి 1876లో పుస్తకం వేశాడు. కానీ ఆ దూకుడు ఒక్క తరానిదే. హైబ్రిడ్ గింజను దాచి మళ్లీ వేస్తే ఒకటి తాతలాగా, ఒకటి అమ్మమ్మలాగా, ఒకటి ఎవరిలాగా కాకుండా మొలుస్తుంది. రైతు ప్రతి ఏడూ కొట్టుకు పోవలసిందే. ఇక్కడే మా జేజి పని పోయింది. పంట పండించేవాళ్లే విత్తనం ఏరేవాళ్లు కూడా అయిన కాలం పత్తిలో అయిపోయింది. ఏరే పని ఇప్పుడు ఎక్కడో ఒక కంపెనీ ఆఫీసులో ఉంది. మాకు మిగిలింది ప్యాకెట్ మీది బొమ్మ చూసి నమ్మడం.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో, బ్రెజిల్లో పత్తి విపరీతంగా పండిస్తారు. అక్కడ దాదాపు అంతా సూటి రకాలే. హైబ్రిడ్ బలం గురించి వాళ్లకు తెలియక కాదు. ఒక్కో పువ్వును గోటితో గిల్లే కూలీ వాళ్లకు గిట్టదు. జొన్నలో, సజ్జలో పుట్టుకతోనే పుప్పొడి లేని ఆడ వరసలున్నాయి, వాటికి గాలి చాలు, గోరు అక్కర్లేదు. పత్తిలో మాత్రం మన హైబ్రిడ్లు చాలావరకు గోటి మీదే నడిచాయి. మన దగ్గర గోళ్లు చవక. అందులోనూ చిన్న గోళ్లు మరీ చవక.

మా అమ్మానాన్నలు 2000 ప్రాంతంలో మూడేళ్లు అరెకరం సీడు ప్లాటు పెట్టారు. ఆర్గనైజర్ ఒకాయన వచ్చి తల్లి గింజ, తండ్రి గింజ వేరువేరు సంచుల్లో ఇచ్చిపోయాడు. ఏ సంచిలో ఏ రకముందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. అరెకరానికి ఎనిమిది తొమ్మిది మంది కావాలి. వచ్చినవాళ్లంతా ఆడపిల్లలు. పెద్దవాళ్లకు పావడా వయసు, చిన్నవాళ్లకు గౌను వయసు. అందులో ఒకమ్మాయి నాతో ఐదో తరగతిలో ఒకే బెంచీ వరసలో కూర్చునేది. నేను సాయంత్రం బడి నుంచి వచ్చి, సంచి పంచలో పారేసి చేనికి పోతే, ఆ అమ్మాయి మొగ్గలు గిల్లుతూ ఉండేది. నన్ను చూసి నవ్వేది. నేను కూడా సరదాకి నాలుగు గిల్లి, అందులో రెండు కీలాలు తెంపి, మా అమ్మతో తిట్లు తిని ఇంటికొచ్చేవాణ్ణి. నాకది ఆట. ఆరో తరగతికి నన్ను కర్నూలులో హాస్టల్లో చేర్చారు. ఫీజు సీడు డబ్బుతో కట్టారని అమ్మ అప్పుడే గర్వంగా చెప్పింది. ఆ అమ్మాయి ఆరులోకి రాలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. దావులూరి వెంకటేశ్వర్లు అనే పరిశోధకుడు కర్నూలు, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల సీడు చేలల్లో తిరిగి, పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలని, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలని 2003లో నివేదిక వేశాడు. 2005లో వచ్చిన మరో నివేదిక పేరు తెలుగులో చెప్పాలంటే 'బాల్యం ధర'. కంపెనీలు రైతుకు ఇచ్చే గింజ రేటుకీ చేలోకి పిల్లలు రావడానికీ ఉన్న లంకె దాని విషయం. పెద్దవాళ్ల కూలీ ఇచ్చి చేయిస్తే రైతుకు మిగలదు. మిగలాలంటే కూలీ తగ్గాలి, తగ్గాలంటే వయసు తగ్గాలి.

రైతుల్ని అడిగితే ఇంకో కారణం చెప్పేవాళ్లు, మా నాన్న కూడా అదే చెప్పేవాడు: ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, కీలం తెగదు, మొగ్గ ఎత్తుకు వాళ్లు సరిపోతారు, వంగక్కర్లేదు. నిజమే కావచ్చు. కాకపోతే మా చేలో గిల్లిన ఇద్దరు పెద్దమ్మల పూలు కూడా బాగానే కాయ కట్టాయి. ఇప్పుడు ఆలోచిస్తే, వేళ్ల మాట తర్వాత పుట్టిన మాట. ముందు చవకదనాన్ని ఏరుకున్నాం, ఆ చవకదనంతో పాటు చిన్న వేళ్లు వచ్చాయి, వచ్చాక వాటికి కారణం వెతుక్కున్నాం. మా జేజి నిండుదనాన్ని ఏరితే రాలని గుణం వెంట వచ్చినట్టు.

మా నాన్న ఎప్పుడూ "పిల్లల్ని పనిలో పెట్టుకుందాం" అని అనుకుని ఉండడు. ఇది నేను ఆయన్ని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు, నిజంగానే అట్లా ఎవరూ అనుకోరు. ఖర్చు లెక్క రాసుకుంటారు. అడ్వాన్సు తీసుకునే ఇంటికి పోతారు. మాట వినేవాళ్లని మళ్లీ పిలుస్తారు, ఎదురు చెప్పేవాళ్లని పిలవరు. రెండు మూడు సీజన్లు ఇట్లా జల్లెడ పడితే చేలో మిగిలేది ఎవరో చూడండి. గురి లేదు, కుట్ర లేదు, ఎంపిక మాత్రం జరిగిపోయింది.

మరి ఎరుక లేదు కాబట్టి తప్పు లేదా? చాలాకాలం నేను నాకు ఈ జవాబే చెప్పుకున్నాను. కొర్ర గింజను మొదట ఇంటికి తెచ్చినవాళ్లకు తాము ఏం ఏరుతున్నారో తెలిసే దారి లేదు. వాళ్ల ముందు జన్యువులు కనబడవు, వాళ్ల ఎంపిక ఫలితం చూసేంత ఆయుష్షు కూడా వాళ్లకు లేదు. మా సంగతి అట్లా కాదు. ఫలితం రోజూ సాయంత్రం నాలుగు గంటలకు గౌను వేసుకుని మా చేలోకే నడిచి వచ్చేది. తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా ఉండటం గిట్టుబాటు కావడం వేరు. రెండోది కూడా ఎరుక లేనట్టే కనిపిస్తుంది బయటికి.

ఈ గిట్టుబాటు వ్యవహారం పెళ్లిళ్లలో మనకు బాగా అలవాటే. మా జేజి, అబ్బ మేనరికం. ఆస్తి బయటికి పోకూడదని, పిల్ల కళ్లముందు ఉంటుందని చేసిన పెళ్లి. ఏరుకున్నది పొలాన్ని. వెంట వచ్చేది వేరే ఉంటుంది. మనందరిలో దాగిన తప్పులు కొన్ని ఉంటాయి. తండ్రి ఇచ్చిన కాపీలో తప్పున్నా తల్లి ఇచ్చిన కాపీ సరిగ్గా ఉంటే పని నడిచిపోతుంది, తప్పు బయటపడదు. రెండు కాపీల్లోనూ అదే తప్పు పడితేనే బయటికొస్తుంది. ఒకే తాత నుంచి రెండు వైపులా వచ్చిన పిల్లలకు ఆ అవకాశం ఎక్కువ. పిఠాపురంలో పుట్టి, హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు 1960లలో ఆంధ్రలో మేనరికాల మీద చేసిన పరిశోధన ఈ సంగతి గురించే. ఈ దాగిన తప్పు లెక్క కొంచెం గుర్తుంచుకోండి, పురుగు దగ్గర మళ్లీ కావాలి.

2002లో బిటి పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా తయారుచేసే విషం తాలూకు జన్యువును పత్తిలో పెట్టారు. దాన్ని తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. 1990ల చివర్లో పచ్చ పురుగు ఏ మందుకూ చావక రైతులు ఆ మందే తాగి చచ్చిపోయిన రోజులు చూసినవాళ్లెవరూ బిటిని తేలిగ్గా కొట్టిపారేయలేరు. మా చేలో కూడా మొదటి ఏళ్లలో పిచికారీలు తగ్గాయి. నేను ఆ టెక్నాలజీకి శత్రువును కాను. గామా కిరణాలూ ఎక్స్‌రేలూ కొట్టి మ్యుటేషన్లు తెప్పించి ట్రాంబేలో తయారుచేసిన వేరుశనగ రకాల్ని మనం చట్నీ చేసుకుని తింటూనే ఉన్నాం, ఎవరికీ అభ్యంతరం లేదు. నా గొడవ వేరే.

విషాన్ని తట్టుకునే గుణం పురుగుకు విషం నేర్పదు. కోట్ల పురుగుల్లో ఎక్కడో ఒకదానిలో అది ముందే పడి ఉంటుంది. గులాబీ పురుగు పేగులో కాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటేనే బిటి విషం పనిచేస్తుంది. ఆ ప్రొటీన్ జన్యువులో తప్పు పడ్డ పురుగుకు విషం అతుక్కోదు. అయితే ఇది దాగిన తప్పు. రెండు కాపీలూ తప్పు పడాలి, ఒక్కటి సరిగ్గా ఉన్నా పురుగు చావాల్సిందే. చేలన్నీ బిటి అయితే బతికి బయటపడేవి రెండు తప్పులున్నవే. వాటికి జత దొరికేది కూడా వాటితోనే. పిల్లలన్నీ తట్టుకునేవే. ఒకరకంగా, చేనంతా మేనరికం.

దీనికి మందు కూడా సంపర్కంలోనే ఉంది. బిటి చేను పక్కనే కొంత మామూలు పత్తి వేస్తే, దాంట్లో విషమంటే ఏమిటో తెలియని మామూలు పురుగులు వేలల్లో పెరుగుతాయి. బిటి చేలోంచి బతికి వచ్చిన ఒకటీ అరా రెక్కల పురుగు వీటితో కలుస్తుంది. పిల్లలకు ఒక కాపీ తప్పు, ఒక కాపీ సరి. అవి బిటి తింటే చస్తాయి. అందుకే 450 గ్రాముల బిటి గింజల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బిటి ప్యాకెట్ ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. మా చిన్నాయన దాన్ని దిబ్బలో పారేయడం నేను చూశాను. "పురుగు తినేదానికని పత్తి ఏస్తారా యవరన్నా?" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తర్కం ఉంది. పురుగుల పెళ్లిళ్ల కోసం తన ఎకరంలో కొంత వదులుకోమని ఆయన్ని అడిగింది ప్యాకెట్ వెనక చీమల్లాంటి అక్షరాలు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్లుగా ఆ గింజల్ని ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు. అప్పటికే ఆలస్యమైంది. రెండు జన్యువుల బిటి 2006లో వచ్చింది, దశాబ్దం తిరక్కుండానే గులాబీ పురుగు దాన్నీ దాటింది.

హైబ్రిడ్ గొడవ ఇక్కడ మళ్లీ వస్తుంది, ఇది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి. మన బిటి అంతా హైబ్రిడ్. హైబ్రిడ్ మొక్కలో బిటి జన్యువు ఒక్క కాపీయే, ఒక వైపు నుంచి వచ్చింది. మొక్క ఆకుల్లో, కాయ తొక్కలో విషం అంతటా ఉంటుంది. కానీ కాయలోని గింజ తర్వాతి తరం. అక్కడ పేక మళ్లీ కలుస్తుంది. ఒక్క జన్యువు రకంలో నాలుగు గింజలకు ఒకదాంట్లో విషం ఉండదు. రెండు జన్యువుల రకంలో 16 గింజల్లో 9కి రెండు విషాలు, 6కి ఏదో ఒకటి, ఒకదానికి అసలేమీ లేదు. గులాబీ పురుగు బతుకంతా కాయ లోపలే, గింజ నుంచి గింజకు తొలుచుకుంటూ. అంటే ఒకే కాయలో దానికి విషం లేని గింజతో బాల్యం, విషం తక్కువున్న గింజతో యవ్వనం దొరికాయి. చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెద్ద మోతాదు దాకా తట్టుకునేవాటిని ఏరే బడి ఇది. దాన్ని మనమే కట్టాం, ఒక్కో పువ్వునూ గోటితో గిల్లి.

చైనా సంగతి దీనికి తిరగేసి జరిగింది. యాంగ్‌ట్సీ లోయలో బిటికీ నాన్ బిటికీ పుట్టిన హైబ్రిడ్ల రెండో తరం గింజల్ని రైతులు వేసుకున్నారు. మన దగ్గర కొట్టువాడు "దాచిన గింజ పనికిరాదు" అని చెప్పే గింజలే అవి. వాటిలో నాలుగో వంతు మొక్కలకు విషం లేదు. ఆ మొక్కలన్నిటి మీదా మామూలు పురుగులు పెరిగాయి, బిటిని తట్టుకున్నవాటితో కలిశాయి. 2010 దాకా పెరుగుతూ వచ్చిన తట్టుకునే గుణం 2015 నాటికి తగ్గిపోయిందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అక్కడి రైతులు పురుగుల్ని ఉద్ధరిద్దామని అట్లా చేయలేదు. అదీ ఎరుక లేని ఎంపికే, కాకపోతే మంచికి పడింది.

కాబట్టి ఎరుక లేనిదంతా చెడ్డదని చెప్పడం నా వల్ల కాదు. చెప్పగలిగింది ఇంత: హైబ్రిడ్‌ను ఏరినప్పుడు మనం ఒకే ఒక్క గుణాన్ని, దిగుబడిని, ఏరామనుకున్నాం. దాని వెంట చిన్న గోళ్లు వచ్చాయి. రైతు చేతిలోంచి విత్తనం పోవడం వచ్చింది. కాయలో బడి వచ్చింది. ఇవన్నీ విడివిడి సమస్యలన్నట్టు, ఒకదానికి కార్మిక శాఖ, ఒకదానికి వ్యవసాయ శాఖ, ఒకదానికి టీవీలో చర్చ. కంకి ఒకటే. దువ్వినప్పుడు మనం చూసింది నిండుదనం మాత్రమే.

మా జేజిని దేవతను చేయాలని కూడా నాకు లేదు. ఆమె ఏరిన కొర్ర ఎకరాకు ఎంత పండిందో నాకు తెలుసు, ఆ పంటతో ఇంట్లో ఎవరికీ హాస్టల్ ఫీజు కట్టలేం. చదువుకుని, వేరే ఊళ్లో ఏసీ గదిలో కూర్చుని దేశవాళీ విత్తనం గురించి కన్నీళ్లు పెట్టుకునే హక్కు నాకు వచ్చిందే ఆ సీడు ప్లాటు వల్ల. ఈ సంగతి ఎట్లా తిప్పి రాసినా పోవడం లేదు.

మొన్న దసరాకి ఊరికి పోయినప్పుడు ఆ అమ్మాయిని కలిశాను. అమ్మాయి అనకూడదు ఇప్పుడు, కూతురు డిగ్రీ చదువుతోంది. భార్యాభర్తలు మూడెకరాలు కౌలుకు చేస్తున్నారు. పోయినేడు పత్తి వేస్తే గుడ్డిపూలు పడి సగం కాయ పుచ్చిపోయిందట. ఈసారి శనగ. పంచలో బొంత మీద గింజలు పోసుకుని విత్తనానికి ఏరుతోంది. జెజి-11, పోయినేడు పక్క చేనివాళ్ల దగ్గర అప్పుకు తెచ్చుకుని కొంచెం వేస్తే పండింది. ఇక్రిశాట్, జబల్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన ఆ రకం 1999లో విడుదలైంది, సూటి రకమే. ఈ రేగడిలో జనం దాన్ని చేతులు మార్చుకుంటూ వేసుకుంటున్నారు.

కాసేపు అదీ ఇదీ మాట్లాడాక, ఇన్నేళ్లూ మోసిన మాట బయటపెట్టాను. "నువ్వు బడి మానింది మా చేను వల్లనే గదా" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "మీ చేను యాడన్నా. మీదానికంటే ముందే రెండేండ్లు మా పెద్దనాయన చేన్లో బడి ఇడిసిన పొద్దు చేసినా. ఆయప్ప దుడ్లు గూడ ఇయ్యలే. మీ అమ్మ ఇచ్చె" అంది. తర్వాత, "నువ్వు రెండు పూలు తెంపి తిట్లు తినె, గుర్తుండాదా?" అని నవ్వింది.

గుర్తుందన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. ఆమె మళ్లీ గింజల్లోకి వంగింది. పుచ్చువి, నల్లవి, ముడుచుకుపోయినవి పక్కకు తీస్తోంది. మధ్యలో ఒక మంచి గింజను కూడా తీసి వాకిట్లోకి విసిరేసింది. కోడి వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది.

"అది బాగనే ఉండె గదా?" అన్నాను.

"ఏమోన్నా. తీసెయ్యాలనిపిచ్చె."